పిస్టల్ గురికి ఏ పెల్లెట్, ఏ తూటా?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఒంటరిగా ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మరొకటి కాంస్య పతకాలు గెలిచిన తర్వాత ఈ శీర్షికకు పిస్టల్ షూటింగ్ గురించి వచ్చే ఉత్తరాలు బాగా పెరిగాయి. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన వాటిలో చాలావరకు పెల్లెట్ల (ఎయిర్ పిస్టల్ గాలి ఒత్తిడితో పేల్చే చిన్న సీసపు గుళ్లు) గురించి, తూటాల (మందు నింపినవి) గురించే ఉన్నందున వాటన్నిటికీ ఒకే చోట సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడాదిగా ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. కోచ్ గారు జర్మనీ పెల్లెట్లే కొనమంటున్నారు. దుకాణంలో మాత్రం మొన తేలిన పెల్లెట్లు చూపించి, ఇవి వేగంగా, సూటిగా పోతాయని చెబుతున్నారు. డబ్బాల మీద 4.49 అని, 4.50 అని, 0.45 గ్రాములని, 0.53 గ్రాములని రకరకాల అంకెలు ఉన్నాయి. ధరలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. అమ్మాయి స్కోరు 600కు 510 దగ్గర ఆగిపోయింది. మంచి పెల్లెట్లు కొంటే పెరుగుతుందా?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ముందుగా మొన సంగతి తేల్చుకుందాం. పెల్లెట్ ఎంత వేగంతో బయటికి వస్తుందన్నది ప్రధానంగా దాని బరువు మీద, పిస్టల్ సిలిండర్ నుంచి వదిలే గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది గాని మొన మీద కాదు. 10 మీటర్ల పోటీల్లో అందరూ వాడేది తల బల్లపరుపుగా ఉండే పెల్లెట్. దీన్ని వాడ్‌కట్టర్ అంటారు. కాగితపు టార్గెట్ మీద అది పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు అంచులు తెగిన గుండ్రని రంధ్రం చేస్తుంది. మొన పెల్లెట్ కాగితాన్ని చీల్చుకుని పోతుంది కాబట్టి, గీతను తాకిందా లేదా అన్న చోట తగువు వస్తుంది. పైగా ఆ సన్నని మొన సరిగ్గా మధ్యకు రాకుండా ఏ కొంచెం పక్కకు ఒరిగినా పెల్లెట్ ఊగుతూ పోతుంది. బల్లపరుపు తల గాలిని ఎక్కువగా ఢీకొంటుంది, దూరం పోయేకొద్దీ వేగం త్వరగా పడిపోతుంది, అది నిజమే; కాని 10 మీటర్లలో ఆ నష్టం లెక్కలోకి రాదు. మొన పెల్లెట్లను ఆ దుకాణంలోనే వదిలేయండి.

ఇక బరువు. పిస్టల్ కోసమని అమ్మే పెల్లెట్లు సాధారణంగా 0.45 నుంచి 0.49 గ్రాముల దాకా ఉంటాయి. రైఫిల్ కోసం అమ్మేవి 0.53 గ్రాముల దగ్గర ఉంటాయి. పోటీ పిస్టల్ పెల్లెట్‌ను సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో పంపుతుంది. తేలిక పెల్లెట్ బ్యారెల్‌లో నుంచి కొంచెం ముందుగా బయటపడుతుంది గనుక, ట్రిగ్గర్ నొక్కిన తర్వాత చెయ్యి కదిలినా దాని ప్రభావం తక్కువగా ఉంటుందన్నది పిస్టల్‌కు తేలిక పెల్లెట్ సూచించడం వెనక ఉన్న కారణం. అయితే ఆ తేడా సెకనులో పదివేలో వంతు స్థాయిలోది. కొన్ని పిస్టళ్లు 0.53 గ్రాముల పెల్లెట్‌తోనే చిన్న గ్రూప్ (వరసగా పేల్చిన గుళ్లు పరుచుకునే వెడల్పు) వేస్తాయి, అలాంటప్పుడు దాన్ని వాడుకోవడానికి అడ్డేమీ లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధన కోరేది 4.5 మి.మీ. కొలత, సీసం గాని అలాంటి మెత్తని లోహం గాని, అంతే.

4.49, 4.50 అన్నవి పెల్లెట్ తల వ్యాసాలు. అంటే వాటి మధ్య తేడా మిల్లీమీటరులో నూరో వంతు. పెల్లెట్ తల బ్యారెల్ గాడుల మీద ఆనుకుని పోతుంది. వెనక పల్చగా ఉండే గౌను భాగం గాలి ఒత్తిడికి విచ్చుకుని బ్యారెల్‌ను మూసి, గాలి పక్కనుంచి పోకుండా ఆపుతుంది. ఏ బ్యారెల్‌కు ఏ తల కొలత కుదురుతుందో కాగితం మీద లెక్కగట్టి చెప్పలేము. స్టెయర్, మోరినీ, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి కంపెనీలు పిస్టల్‌తో పాటు కర్మాగారంలో బిగించి పేల్చిన పరీక్ష కాగితం ఒకటి పెడతాయి. మీ పిస్టల్ పెట్టెలో అది ఉంటే అమ్మాయి పెల్లెట్ ఎంపిక అక్కడినుంచి మొదలుపెట్టండి. లేకపోతే 4.50 తో మొదలుపెట్టండి.

స్కోరు పెరుగుతుందా అన్న ప్రశ్నకు మాత్రం సూటిగా చెప్పాలి: ప్రస్తుతానికి పెరగదు. టెన్ రింగు (టార్గెట్ మీద పది పాయింట్లిచ్చే నడిమి వలయం) వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతను తాకినా టెన్ ఇస్తారు కాబట్టి, పెల్లెట్ నడిబొడ్డు టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. లోపల పడితే టెన్ వచ్చినట్టే. ప్రతి రింగుకు మరో 8 మి.మీ. అవతలికి పోతాం. 510 కొట్టే అమ్మాయి పది గుళ్లు ఇంచుమించు 60 మి.మీ. వెడల్పులో పరుచుకుంటాయనుకుందాం. పిస్టల్‌ను కదలకుండా బిగించి పేల్చినప్పుడు మేలైన పెల్లెట్ 8 మి.మీ. గ్రూప్, సాధారణ పెల్లెట్ 14 మి.మీ. గ్రూప్ వేస్తాయనుకుందాం. చేతి చెదురు, పెల్లెట్ చెదురు ఒకదాని మీద ఒకటి కూడికగా చేరవు. వాటి వర్గాలు కూడుతాయి. ఆ లెక్కన మేలైన పెల్లెట్‌తో ఆమె గ్రూప్ 60.5 మి.మీ., సాధారణ పెల్లెట్‌తో 61.6 మి.మీ. అవుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం రెండింతల ధర పెట్టడం వృథా. అదే చేతి గ్రూప్ 25 మి.మీ.కి దిగిన షూటర్ విషయంలో 26.2, 28.7 అవుతుంది, అప్పుడు పెల్లెట్ మీద పెట్టిన డబ్బు స్కోరు బోర్డు మీద కనిపిస్తుంది. ఈ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం 'ఆడలేక మద్దెల ఓడు' బాపతుగానే ఉంటున్నాయి. మీ ఉత్తరం అలాంటిది కాదు, మీరు డబ్బు పెట్టే ముందే అడిగారు.

అలాగని చేతికందిన పెల్లెట్ కొనమని చెప్పడం లేదు. ఆర్‌డబ్ల్యూఎస్ మైస్టర్‌కూగెల్న్, ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ వంటివి పోటీ స్థాయి పెల్లెట్లు. మీ అమ్మాయికి ఈ కోవలో మధ్య రకం సరిపోతుంది. ఏదో ఒక దాన్ని ఎంచుకుని, అదే రకాన్ని, వీలైతే ఒకే లాట్ నంబరు (తయారీ విడత అంకె) ఉన్న డబ్బాలను ఆరు నెలలకు సరిపడా ఒకేసారి కొనండి. డబ్బాకు సాధారణంగా 500 ఉంటాయి. నెలకో రకం మారిస్తే, గురి తప్పినప్పుడు తప్పు చేతిదో పెల్లెట్‌దో ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు. నా అభిప్రాయంలో మంచి పెల్లెట్ వల్ల నేర్చుకునే వారికి కలిగే అసలు మేలు ఆ అనుమానం తొలగిపోవడమే.

పెల్లెట్‌ను బ్యారెల్‌లో పెట్టే ముందు ఒక్క క్షణం వెలుతురులో తిప్పి గౌను అంచు చూసుకోవడం అలవాటు చేయండి. సీసం మెత్తనిది, డబ్బా కింద పడితే, సంచిలో కుదుపులకు లోనైతే అంచులు నొక్కుకుపోతాయి. అలా అంచు నొక్కుకున్న పెల్లెట్ ఎంత ఖరీదైనదైనా ఎటు పోతుందో చెప్పలేము. నేల మీద పడిన పెల్లెట్‌ను తుడిచి మళ్లీ వాడకూడదు, దానికి అంటిన ఇసుక రేణువు బ్యారెల్‌ను గీస్తుంది. బ్రీచ్‌లో (బ్యారెల్ వెనక నోట్లో) వంకర లేకుండా, అంచుతో సమంగా కూర్చునేలా బొటనవేలితో నెట్టాలి. ఇంకొక్క మాట: వేసవిలో ఇంట్లో గాని బడిలో గాని ప్రాక్టీసు చేసేటప్పుడు కూలర్ గాలి పెల్లెట్ దారికి అడ్డంగా వీచకుండా చూడండి. అర గ్రాము బరువు కూడా లేని పెల్లెట్‌ను ఆ గాలి కొన్ని మిల్లీమీటర్లు పక్కకు నెట్టగలదు. టెన్‌కు, నైన్‌కు మధ్య ఉన్నది అంత దూరమే.

ప్రశ్న: మాది నగల వ్యాపారం. మా కొట్లోని కాటా మిల్లీగ్రాముల దాకా చూపిస్తుంది. మా అబ్బాయి ఎయిర్ పిస్టల్ పెల్లెట్లను ఒక్కొక్కటీ తూచి, సమానమైన బరువున్నవి పోటీకి వేరు చేస్తున్నాడు. ఇది పనికొచ్చే శ్రమేనా?
— ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ప్రొద్దుటూరులో కాటాలకు కొదవ లేదు గనుక ఈ ఆలోచన అక్కడివారికి రావడం సహజమే. పిస్టల్ వరకు ఆ శ్రమ అనవసరం. సెకనుకు 150 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు దాటే లోపల భూమ్యాకర్షణ వల్ల దాదాపు 22 మి.మీ. కిందికి దిగుతుంది, ఆ దిగుడును పిస్టల్ సైట్లలోనే (గురి చూసే అమరికలోనే) సర్దుకుని ఉంటాము. పెల్లెట్ బరువు నూటికి ఒక వంతు పెరిగితే వేగం నూటికి అర వంతు తగ్గి, దిగుడు నూటికి ఒక వంతు పెరుగుతుంది. అంటే 22 మి.మీ.లో నూరో వంతు, మిల్లీమీటరులో ఐదో వంతు. 11.5 మి.మీ. టెన్ రింగులో అది ఏ మూలకు? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టెన్ అర మిల్లీమీటరు చుక్క కాబట్టి అక్కడ కొందరు తూస్తారు. అక్కడ కూడా మంచి కంపెనీ డబ్బా కొన్నవారికి తూకం వల్ల కలిసొచ్చేది స్వల్పమే. అబ్బాయి ఆ సమయాన్ని గౌను అంచులు చూసి నొక్కులున్న వాటిని ఏరిపారేయడానికి వాడితే ప్రయోజనం ఉంటుంది. తూచిన కాటా పళ్లెంలో సీసపు పొడి మిగులుతుందని, ఆ కాటానే మళ్లీ నగలకు వాడతారని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లబ్ వారి .22 అంగుళాల కొలత పిస్టల్‌తో 25 మీటర్ల ఈవెంట్ ప్రాక్టీసు చేస్తున్నాను. మామూలు తూటాలు ఏ ఇబ్బందీ లేకుండా పేలుతున్నాయి. ఈసారి ఎంతో ఖర్చు పెట్టి తెప్పించిన మ్యాచ్ (పోటీ రకం) తూటాల్లో పదింటికి ఒకటి చొప్పున ఖాళీ షెల్ (పేలిన తూటా తొడుగు) స్లైడ్‌లో (పేలినప్పుడు వెనక్కి వెళ్లి వచ్చే పిస్టల్ భాగం) ఇరుక్కుంటోంది. హై వెలాసిటీ తూటాలు వాడితే స్లైడ్ గట్టిగా వెనక్కి వెళ్లి ఈ బాధ తప్పుతుందని సీనియర్లు అంటున్నారు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర ఎండ, గాలి రెండూ ఎక్కువే. వాటి వల్ల తూటా ఎంత పక్కకు పోతుందో, తూటా ఎంపికలో ఏమైనా మార్చుకోవాలో చెప్పగలరు.
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: మీరు ఆడే 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం తెచ్చుకుంది. ఆ ఈవెంట్ రెండో సగం మీకు తెలిసిందే: టార్గెట్ మూడు సెకన్లు కనిపిస్తుంది, ఏడు సెకన్లు కనిపించదు, ఆ మూడు సెకన్లలో చెయ్యి లేపి ఒక్క తూటా పేల్చాలి. అలాంటి చోట తూటా ఎంపికలో మొదటి ప్రశ్న గ్రూప్ ఎంత చిన్నదని కాదు, ప్రతిసారీ పేలి, షెల్ బయటపడి, తర్వాతి తూటా ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే అరలోకి) ఎక్కుతుందా అని. 25 మీటర్ల ప్రిసిషన్ (నింపాదిగా పేల్చే మొదటి సగం) టార్గెట్‌లో టెన్ రింగే 50 మి.మీ. ఉంటుంది. నాణ్యమైన మామూలు తూటా కూడా మంచి పిస్టల్‌లో దానిలో సులువుగా ఇముడుతుంది. వంద తూటాలు వరసగా ఒక్క ఆటంకం లేకుండా పేలని రకాన్ని, అది ఎంత పేరున్నదైనా, పోటీకి తీసుకెళ్లవద్దు.

ఖరీదైన తూటా ఎందుకు ఇరుక్కుంటోందన్నది విచిత్రమేమీ కాదు. మీరు పేరు రాయలేదు గాని, ధర ఎక్కువ ఉన్న .22 తూటాల్లో చాలా భాగం చేత్తో బోల్టు లాగి పేల్చే రైఫిళ్ల కోసం తయారైనవి. ఎలీ టెనెక్స్, లాపువా మైదాస్ ప్లస్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 ఆ కోవలోవి. రైఫిల్‌లో షెల్‌ను బయటికి లాగేది షూటర్ చెయ్యి. మీ పిస్టల్‌లో ఆ పని చేసేది తూటా వెనక్కి తన్నే బలమే. ఆ బలం స్లైడ్ స్ప్రింగుకు సరిపడా లేకపోతే షెల్ పూర్తిగా బయటపడక ముందే స్లైడ్ మూసుకుంటుంది. కొన్ని రైఫిల్ తూటాల ముక్కు చదునుగా ఉంటుంది, అది మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బీ) నుంచి ఛాంబర్‌లోకి ఎక్కేటప్పుడు అంచుకు తగులుకోవచ్చు. గుండ్రని ముక్కు సాఫీగా జారుతుంది. ఎలీ పిస్టల్ మ్యాచ్, ఎస్‌కే పిస్టల్ మ్యాచ్, లాపువా పిస్టల్ కింగ్, ఆర్‌డబ్ల్యూఎస్ పిస్టల్ మ్యాచ్ అని పేరులోనే పిస్టల్ ఉన్న రకాలు అందుకే వేరుగా వస్తాయి. మీ మామూలు తూటా ఏ ఇబ్బందీ పెట్టడం లేదు గనుక, ఇంకేమీ ఖర్చు పెట్టక ముందు దానితోనే పిస్టల్‌ను రెస్ట్ (ఆనించే దిమ్మ) మీద ఆనించి పది తూటాల గ్రూపులు నాలుగైదు వేసి చూడండి. ఒక్క ఐదు తూటాల గ్రూప్ చూసి తీర్పు చెప్పకూడదు, అదృష్టవశాత్తు అది చిన్నదిగా రావచ్చు. రకం మార్చినప్పుడు ముందు ఇరవై తూటాలు లెక్కలోకి తీసుకోకుండా పేల్చండి. పాత తూటాల మీది మైనపు పూత బ్యారెల్‌లోంచి పోయి కొత్త దాని పూత పట్టిన తర్వాతే అసలు గ్రూప్ తెలుస్తుంది.

ఆ మ్యాచ్ తూటాలను తప్పుపట్టే ముందు ఛాంబర్ కూడా ఒకసారి తుడిపించండి. .22 తూటాల మీది మైనం, కాలిన మందు మసి కలిసి ఛాంబర్ నోటి దగ్గర జిగటగా పేరుకుంటాయి. అలా పేరుకున్న పిస్టల్‌లో బలమైన తూటా నెగ్గుకొస్తుంది, మెత్తని తూటా ఇరుక్కుంటుంది. మణికట్టు సడలినా ఇదే జరుగుతుంది, పిస్టల్ మొత్తం వెనక్కి పోవడంతో స్లైడ్‌కు దక్కాల్సిన కదలిక తగ్గుతుంది. మీ సీనియర్ ఒకరు అదే పెట్టెలోని తూటాలను అదే పిస్టల్‌లో పేల్చి చూస్తే లోపం ఎక్కడుందో సగం తేలిపోతుంది.

హై వెలాసిటీ సలహాను మాత్రం పాటించకండి. టార్గెట్ పిస్టల్ స్ప్రింగులు, స్లైడ్ ఆగే బఫర్లు స్టాండర్డ్ వెలాసిటీకి, అంటే సెకనుకు 320 నుంచి 330 మీటర్ల వేగానికి లెక్క చూసి తయారు చేసినవి. 370 మీటర్లు దాటే తూటాలు వాటిని ముందుగానే అరగదీస్తాయి, పిస్టల్ ఎగురు పెరిగి మూడు సెకన్ల వరుసలో మళ్లీ గురి కుదుర్చుకోవడం కష్టమవుతుంది, గ్రూప్ కూడా సాధారణంగా పెద్దదవుతుంది. ఎగురు తగ్గించుకోవాలన్న తాపత్రయం ఈ ఆటలో ఎంతటిదంటే, 2004 ఏథెన్స్ దాకా పురుషుల ర్యాపిడ్ ఫైర్ (గబగబా పేల్చే) ఈవెంట్‌లో .22 షార్ట్ అనే పొట్టి తూటానే వాడేవారు. 2005 నుంచి నిబంధన మారి అక్కడ కూడా .22 లాంగ్ రైఫిల్ అనే తూటానే వచ్చింది. మీరు ఎదురు దిక్కుకు పోనవసరం లేదు.

ఎండ విషయానికొస్తే, వేడికి తూటాలోని మందు కొంచెం చురుగ్గా కాలి తూటా వేగం పెరుగుతుంది. వేగం సెకనుకు 10 మీటర్లు పెరిగిందనుకున్నా, 25 మీటర్ల దూరంలో తూటా తగిలే చోటు 2 మి.మీ. కూడా పైకి జరగదు. మీ టెన్ 50 మి.మీ. కాబట్టి వేగం కోసం తూటా మార్చే పని లేదు. 50 మీటర్ల ఫ్రీ పిస్టల్ అనే మరో ఈవెంట్‌లో అయితే అది 7 మి.మీ. దాకా పోతుంది, అక్కడ ఉదయం, మధ్యాహ్నం మధ్య సైటు ఒకటి రెండు క్లిక్కులు తిప్పుకోవాల్సి రావచ్చు. అసలు బెడద మైనంతో. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం నిలిపి ఉంచిన కారు డిక్కీలో తూటాల పెట్టె వదిలేస్తే గుండు మీది పూత కరిగి షెల్ మీదికి, అట్టపెట్టెలోకి కారుతుంది. ఆ తూటాలను తర్వాత చల్లబరచినా పూత సమానంగా ఉండదు. కొన్ని పొడిబారి బ్యారెల్‌కు సీసం అంటిస్తాయి, కొన్ని జిగురుగా ఛాంబర్‌కు అతుక్కుంటాయి. మీ మ్యాచ్ పెట్టె షూటింగ్ రేంజ్‌కు చేరేలోగా ఎక్కడెక్కడ ఉందో కనుక్కోండి. ఇరుక్కోవడానికి అదే కారణం కావచ్చు. రేంజ్‌లో కూడా పెట్టెను నీడలో, మూత పెట్టి ఉంచి, మ్యాగజైన్‌కు కావలసిన ఐదు తూటాలే బయటికి తీయండి.

గాలి గురించి: రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టిన ప్రాంతం మీది, గాలి లేదనను. కాని 25 మీటర్లలో ఆ గాలి తూటాను జరిపేది కొన్ని మిల్లీమీటర్లే. అది జరిపేది చాచిన మీ చేతిని. 2.6 గ్రాముల గుండుకు గాలి తగిలే సమయం సెకనులో పన్నెండో వంతు కూడా ఉండదు, మీ చేతికి తగిలే సమయం గురి పెట్టినంత సేపూ ఉంటుంది. ఏ తూటా కొన్నా దానికి విరుగుడు లేదు. గాలి తెరిపి ఇచ్చే దాకా ఆగి, ప్రిసిషన్ సగంలో సిరీస్‌కు (ఐదు తూటాలకు) ఇచ్చే ఐదు నిమిషాలను పూర్తిగా వాడుకోవడమే మార్గం.

చివరగా భద్రత. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే పిస్టల్ మొనను టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగిన తర్వాతే స్లైడ్ తెరవాలి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. పోటీలో అయితే స్లైడ్ ముట్టుకోకుండా చెయ్యెత్తి రేంజ్ అధికారిని పిలవాలి. మీరే సవరించుకుంటే దాన్ని అనుమతించదగిన ఆటంకంగా లెక్కించకపోవచ్చు. మామూలు శబ్దానికి బదులు 'తుస్సు'మన్న చిన్న శబ్దం వస్తే మరో తూటా అసలు పేల్చకూడదు, పిస్టల్ ఖాళీ చేసి గుండు బ్యారెల్‌లో చిక్కుకుందేమో చూపించుకోవాలి.

ప్రశ్న: మా బాబు పన్నెండేళ్లవాడు. పెల్లెట్లు చేతిలో పోసుకుని, కొన్నిసార్లు పెదవుల మధ్య పెట్టుకుని లోడ్ చేస్తుంటాడు. సీసం ప్రమాదమని ఎవరో అన్నారు. సీసం లేని పెల్లెట్లు ఉన్నాయా?
— ఒక తల్లి, గుంతకల్లు

జవాబు: పెదవుల మధ్య పెట్టుకోవడం ఈ రోజే మాన్పించండి. సీసం పిల్లల నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది, అది ఒంట్లో చేరడానికి నోరే దగ్గరి దారి. ప్రాక్టీసు అయ్యాక సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. రేంజ్‌లో తినడం, తాగడం కూడదు. పెల్లెట్ ట్రాప్ దగ్గరి పొడిని చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. ఇవి పాటిస్తే ఎయిర్ పిస్టల్‌తో భయపడాల్సిన పని లేదు. తూటాలు పేల్చే మూసిన రేంజ్‌లలో పొగలో కూడా సీసం ఉంటుంది, అక్కడ గాలి బయటికి లాగే ఫ్యాన్లు తప్పనిసరి. తగరంతో చేసిన సీసం లేని మ్యాచ్ పెల్లెట్లు దొరుకుతాయి. అవి తేలికగా, గట్టిగా ఉంటాయి, ధర ఎక్కువ. కొన్ని బ్యారెళ్లకు బాగా కుదురుతాయి, కొన్నింటికి కుదరవు. ఒక డబ్బా కొని గ్రూప్ చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఉద్యోగిని. నా దగ్గర లైసెన్సు ఉన్న .32 రివాల్వర్ ఉంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (అడుగు మధ్యన సూది తగిలి పేలే తూటాల) ఈవెంట్‌లో సరదాగా పాల్గొనాలని ఉంది. నా దగ్గరున్న మామూలు గుండ్రని ముక్కు తూటాలు పనికొస్తాయా? .32 అని రాసి ఉన్న తూటా ఏదైనా ఒకటేనా?
— కడప

జవాబు: మీ రెండో ప్రశ్నకు ముందు సమాధానం: ఒకటి కాదు. .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనేది అంచు బయటికి ఉండే రివాల్వర్ తూటా; .32 ఏసీపీ అనేది జేబు పిస్టళ్లకు వాడే పొట్టి తూటా. మన దేశంలో ప్రభుత్వ కర్మాగారాల నుంచి ఈ రెండు కొలతల ఆయుధాలూ వచ్చాయి కాబట్టి దుకాణంలో 'పాయింట్ త్రీ టూ' అని మాత్రమే అడిగితే పొరపాటు జరగవచ్చు. రివాల్వర్ బ్యారెల్ మీద, లైసెన్సులో ఏమని ఉందో చూసి అదే పేరుతో అడగండి.

సెంటర్ ఫైర్ ఈవెంట్‌కు 7.62 నుంచి 9.65 మి.మీ. దాకా కొలత ఉన్న ఆయుధాలను అనుమతిస్తారు, మీ రివాల్వర్ ఆ పరిధిలోకి వస్తుంది. గుండు సీసం గాని అలాంటి మెత్తని పదార్థం గాని అయి ఉండాలి. రాగి తొడుగు ఉన్న గుండుకు అనుమతి లేదు. గుండ్రని ముక్కు సీసపు తూటాతో సాధన నిక్షేపంగా చేయవచ్చు. పోటీలో పేరున్నవారంతా వాడేది వాడ్‌కట్టర్: సుమారు 6.4 గ్రాముల సీసపు గుండు షెల్ అంచుతో సమంగా లోపలికి దిగి ఉంటుంది, బయటికి చూస్తే ముక్కే లేనట్టు కనిపిస్తుంది. తక్కువ వేగం, తక్కువ ఎగురు, కాగితం మీద తెగిన రంధ్రం దాని గుణాలు. పోటీ కోసం చేసిన .32 పిస్టళ్ల మ్యాగజైన్లలో అదొక్కటే ఇముడుతుంది. మీ రివాల్వర్‌లో మాత్రం గుండ్రని ముక్కుది, వాడ్‌కట్టర్ రెండూ ఇముడుతాయి, ఆ సౌలభ్యం మీకుంది. అయితే పొట్టి బ్యారెల్, చిన్న సైట్లు ఉన్న ఆత్మరక్షణ రివాల్వర్‌తో వాడ్‌కట్టర్ కొన్నా గ్రూప్ పెద్దగా మారదని ముందే చెప్పడం నా ధర్మం. లైసెన్సులో తూటాల సంఖ్యకు పరిమితి రాసి ఉంటుంది కాబట్టి, సాధనకు ఎన్ని కావాలో లెక్క వేసుకుని, పరిమితి పెంపు గురించి కలెక్టరేట్‌లోని ఆయుధ లైసెన్సుల విభాగంలో అడగండి. 4.5 మి.మీ. కొలతకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు ఆ లైసెన్సు అవసరమే లేదు, దాని పెల్లెట్లకూ పరిమితి లేదు. సరదా కోసమైతే మీకు నేను సూచించేది అదే.

ప్రశ్న: హైదరాబాద్‌లో పోటీకి వెళ్తున్నాను. ప్రాక్టీసుకు చవకైన .22 తూటాలు, పోటీకి ఖరీదైనవి వాడవచ్చా? తూటాలు వెంట తీసుకెళ్లడానికి ఏమైనా నియమాలున్నాయా?
— ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: వాడవచ్చు, పిస్టల్ షూటర్లలో ఎక్కువమంది చేసేది అదే. అయితే పోటీకి ముందు రెండు మూడు వారాలు పోటీ తూటాతోనే సాధన చేయండి. తూటా మారితే ఎగురు మారుతుంది, తగిలే చోటూ మారుతుంది; 25 మీటర్ల దగ్గర ఎన్ని క్లిక్కులు తేడా వచ్చిందో నోటు పుస్తకంలో రాసుకుంటే పోటీ రోజు గురి సరిచూసుకునే సైటింగ్ తూటాలు వృథా కావు. ప్రాక్టీసు తూటా, పోటీ తూటా ఒకే కంపెనీవి అయితే పూతలు ఒకే తరహాలో ఉండి బ్యారెల్ త్వరగా సర్దుకుంటుంది.

ప్రయాణం గురించి: తుంగభద్ర దాటితే వేరే రాష్ట్రం. మీ లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమా, దేశమంతటా చెల్లుతుందా అన్నది బయలుదేరే ముందు చూసుకోండి. రాష్ట్రానికే పరిమితమైతే అనుమతి ముందుగా తీసుకోవాలి. అసలు లైసెన్సు, పోటీ ప్రవేశ పత్రం వెంట ఉంచుకోండి. పిస్టల్ ఖాళీగా ఒక పెట్టెలో, తూటాలు తాళం వేసిన వేరే పెట్టెలో పెట్టండి. ఆ రెండో పెట్టెను డిక్కీలో కాకుండా కారు లోపల, ఏసీ తగిలే చోట ఉంచండి.